గాలి ఆగదు... రూలే మారుతుంది!

కెనడా ప్రెయిరీ మైదానాల్లో ఒక సోలార్ సైటు. పొద్దున్నే ఆరున్నరకు టూల్‌బాక్స్ మీటింగు. హెల్మెట్లు పెట్టుకుని, చేతుల్లో కాఫీ కప్పులతో నిలబడ్డాం. ఎప్పటిలాగే జారిపడకండి, కేబుల్ ట్రెంచ్ దగ్గర జాగ్రత్త అని చెప్పిన సూపరింటెండెంటు చివర్లో ఒక మాట అన్నాడు. "ఈ సైటు పూర్తవుతుంది. తర్వాతి సైటు సంగతి ఇప్పుడే చెప్పలేం."

అంతే. ఇంకేమీ అనలేదు. మేం నలుగురం తెలుగువాళ్లం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇద్దరిది అనంతపురం, ఒకరిది నల్గొండ, ఇంకొకరిది తూర్పు గోదావరి. ఇక్కడ అయిపోగానే పక్క కౌంటీలో ఇంతకంటే పెద్ద సైటు మొదలవుతుందని, రెండేళ్లు పనికి ఢోకా లేదని మాకు చెప్పారు. ఆ మాట నమ్మి ఒకరు చెల్లెలి పెళ్లికి అప్పు చేశారు. ఇంకొకరు భార్యాబిడ్డల్ని తీసుకురావడానికి కాగితాలు పెట్టారు. మాలో ఇద్దరి వర్క్ పర్మిట్ మీద యజమాని పేరు రాసి ఉంది. అంటే ఆ కంపెనీలో పని లేకపోతే పక్క కంపెనీలో రేపే చేరడానికి వీల్లేదు.

ఆ సాయంత్రం గదిలో పప్పు అడుగంటింది. ఎవరం చూసుకోలేదు.

సూర్యుడు అక్కడే ఉన్నాడు. ప్యానెళ్ల ధర తగ్గుతూనే ఉంది. కరెంటు అందరికీ కావాలి. మరి సైటు ఎందుకు ఆగింది? "రూల్సు మారుతున్నాయి, అప్పు ఇచ్చేవాళ్లు ఆగమన్నారు" అని ఆఫీసులో చెప్పారు. పైల్స్ దించడం, ర్యాకింగ్ బిగించడం, లెవెల్ చూడటం మాకు తెలుసు. ఈ రూల్సేమిటో తెలియదు. పని లేని ఆ చలికాలంలో తెలిసిన ఇంజినీర్లను అడిగి, పాత పేపర్లు తిరగేసి తెలుసుకున్నాం. మనవాళ్లకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

వడ్లకు మద్దతు ధర లాంటిదే

మన ఊళ్లో వడ్లకు మద్దతు ధర ఉంటుంది కదా. ఒంటారియోలో 2009లో అలాంటిదే కరెంటుకు పెట్టారు. ఆ ఏడాది గ్రీన్ ఎనర్జీ చట్టం తెచ్చారు. అప్పటి ప్రీమియర్ డాల్టన్ మెక్‌గింటీ. గాలితో, ఎండతో కరెంటు తీసే వారి నుంచి ఇరవై ఏళ్లు ఒకే ధరకు కొంటామని ప్రభుత్వ సంస్థ సంతకం పెట్టేది. పది కిలోవాట్ల లోపు సోలార్ పెట్టుకుంటే యూనిట్‌కు 80.2 సెంట్లు. గాలి కరెంటుకు 13.5 సెంట్లు.

80 సెంట్లంటే మాటలా! ఇళ్లలో వాడే కరెంటుకు జనం కట్టేదానికి ఇది ఎన్నో రెట్లు. రైతులు బ్యాంకుల్లో అప్పు తెచ్చి పొలాల్లో ప్యానెళ్లు నిలబెట్టారు. దరఖాస్తులు వెల్లువెత్తాయి.

ఏడాది తిరగకుండానే మొదటి దెబ్బ పడింది. 2010 జులైలో నేల మీద పెట్టే చిన్న ప్రాజెక్టులకు 58.8 సెంట్లే ఇస్తామన్నారు. రైతులు గోల చేశారు. చివరికి 64.2 సెంట్ల దగ్గర ఆగింది. అంతకుముందే దరఖాస్తు పెట్టినవాళ్లకు మాత్రం పాత ధరే ఇచ్చారు. 2012లో మళ్లీ కోత పడింది. సోలార్‌కు ఇరవై శాతానికి పైగా, గాలికి పదిహేను శాతం దాకా.

ప్రభుత్వం వైపు కూడా న్యాయం లేకపోలేదు. ప్యానెళ్ల ధర పడిపోతుంటే పాత ధరే ఇస్తూ పోతే, ఆ భారమంతా కరెంటు బిల్లు కట్టే మామూలు జనం మీదే పడుతుంది. ఆ జనంలో అద్దె ఇళ్లలో ఉండే మనలాంటి వాళ్లమూ ఉన్నాం. 2011లో ఒంటారియో ఆడిటర్ జనరల్ కూడా ఈ ఖర్చును తప్పుపట్టారు. చిక్కల్లా ఎక్కడంటే, ధర తగ్గడం కాదు. ఎప్పుడు తగ్గుతుందో, ఎంత తగ్గుతుందో ముందుగా తెలియకపోవడం.

ఇక్కడి సరుకే వాడాలన్నారు

ఆ పథకంలో ఇంకో షరతు ఉంది. చిన్న సోలార్ ప్రాజెక్టుల్లో మొదట 40 శాతం, 2011 నుంచి 60 శాతం విలువ ఒంటారియోలోనే తయారు కావాలి. ఉద్యోగాలు ఇక్కడే రావాలన్నది వారి లెక్క. ఫ్యాక్టరీలు వచ్చాయి కూడా. కానీ జపాన్, యూరప్ దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 2013 మేలో తుది తీర్పు ఒంటారియోకు వ్యతిరేకంగా వచ్చింది. షరతు తీసేయక తప్పలేదు. ఆ రూలును నమ్ముకుని పెట్టిన ఫ్యాక్టరీల కాళ్ల కింద నేల కదిలింది.

తర్వాత 2018 ఎన్నికలు. డగ్ ఫోర్డ్ ప్రభుత్వం వచ్చిన కొద్ది వారాలకే, జులైలో, 758 కాంట్రాక్టులు ఒక్క దెబ్బతో రద్దయ్యాయి. అన్నీ ఇంకా కట్టుబడి దాకా రానివేనని, దీనివల్ల జనానికి 79 కోట్ల డాలర్లు మిగులుతాయని చెప్పారు. ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో వైట్ పైన్స్ అనే గాలిమరల ప్రాజెక్టు ఉంది. తొమ్మిది టర్బైన్లు. కట్టడం మొదలై టర్బైన్లు లేస్తున్నాయి కూడా. స్థానికులు చాలా ఏళ్లుగా వద్దంటూ పోరాడుతున్నారు. దాన్ని ఆపడానికి ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. నిలబెట్టిన టర్బైన్లను తిరిగి విప్పించారు. లేపిన చేతులతోనే దించడమంటే ఏమిటో మా పనివాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ప్రాజెక్టుల రద్దుకు 23 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిందని 2019లో లెక్కలు బయటికొచ్చాయి. గ్రీన్ ఎనర్జీ చట్టం కూడా ఆ ఏడాది జనవరి 1తో పోయింది.

ఇప్పుడు కథ మళ్లీ మొదటికొచ్చింది. కరెంటు చాలదని తేలాక, 2024లో అదే ఒంటారియో 5,000 మెగావాట్ల దాకా కొత్త కరెంటు కొంటామని, గాలి, సోలార్‌తో సహా ఎవరైనా పోటీ పడవచ్చని ప్రకటించింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అని మన పెద్దలు ఊరికే అన్లేదు!

అల్బర్టా తీరు వేరు

అల్బర్టాలో కరెంటు అమ్మకం మార్కెట్టు పద్ధతిలో నడుస్తుంది. అక్కడ 2017లో వేలం పెట్టారు. గాలి కరెంటు సగటున యూనిట్‌కు 3.7 సెంట్లకే వచ్చింది. మార్కెట్లో ధర అంతకన్నా తగ్గితే తేడా ప్రభుత్వం ఇస్తుంది, పెరిగితే ఉత్పత్తిదారు తిరిగి కట్టాలి. 2019లో ప్రభుత్వం మారాక ఈ వేలాలు ఆగిపోయాయి. అయినా పని ఆగలేదు. పెద్ద కంపెనీలే నేరుగా కరెంటు కొనడం మొదలుపెట్టాయి. వల్కన్ కౌంటీలో 465 మెగావాట్ల ట్రావర్స్ సోలార్ అలా కట్టిందే. అందులో 400 మెగావాట్ల కరెంటు కొన్నది అమెజాన్.

సబ్సిడీ అక్కర్లేని రోజులొచ్చాయి కదా, ఇక భయమేముంది అనుకున్నారంతా. 2023 ఆగస్టు 3న కొత్త ప్రాజెక్టుల అనుమతులు ఏడు నెలలు ఆపేశారు. 2024 ఫిబ్రవరి ఆఖరుకు ఎత్తేసి కొత్త షరతులు పెట్టారు. మంచి సాగు భూమిలో పెట్టాలంటే పంటా, ప్యానెలూ రెండూ సాగుతాయని చూపించాలి. రక్షిత ప్రాంతాల చుట్టూ 35 కిలోమీటర్ల దాకా గాలిమరలకు హద్దులు. ఎప్పుడో ప్రాజెక్టు తీసేసే రోజున నేలను బాగుచేయడానికి ముందే పూచీ కట్టాలి. భూమి మీద రైతుకుండే బెంగ మనకు అర్థం కానిది కాదు. కానీ ఆ ఏడు నెలలు లైన్లో ఉన్నవాళ్లంతా చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

మన ఊళ్లోనూ ఇదే గొడవ

మా అనంతపురం తమ్ముడు ఇదంతా విని, "అన్నా, ఇది మా ఊళ్లో చూసిందే కదా" అన్నాడు. నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జులై 1న జీవో 63 తెచ్చి, పాత గాలి, సోలార్ ఒప్పందాల ధరలు తిరగదోడటానికి కమిటీ వేశారు. యూనిట్‌కు 4.84 రూపాయలకు సంతకాలైన గాలి కరెంటును 2.43 రూపాయలకు ఇమ్మన్నారు. సోలార్‌కు 2.44. డిస్కంలు నష్టాల్లో ఉన్నాయన్నది ప్రభుత్వం మాట. సంతకం పెట్టాక మార్చడమేంటని కంపెనీలు హైకోర్టుకెక్కాయి. 2022 మార్చి 15న హైకోర్టు డివిజన్ బెంచ్ ఒప్పందం ధరే ఇవ్వాలని, బకాయిలు ఆరు వారాల్లో కట్టాలని చెప్పింది. మధ్యలో గడిచిన కాలం మూడేళ్లకు కాస్త తక్కువ.

దేశం ఏదైనా మాకు కనబడింది ఒకటే. సంతకం ఉన్నవాడికి ఎంతోకొంత కోర్టు దిక్కుంది. లైన్లో ఉన్నవాడికి ఆశ ఉంది. సైటులో పార పట్టినవాడికి ఆ రెండూ లేవు. అందుకే మన జాగ్రత్త మనమే పడాలి.

చేరే ముందు అడగండి

కెనడా అయినా, గల్ఫ్ అయినా, సోలార్, గాలిమరల సైటుకు వెళ్లే ముందు మూడు మాటలు అడగండి. ప్రాజెక్టుకు అనుమతి చేతికొచ్చిందా? గ్రిడ్‌లో కలపడానికి ఒప్పందం ఉందా? కరెంటు కొనేవాడు ఎవరు, ఎన్నేళ్లకు? ఈ మూడింట్లో ఏది లేకపోయినా "తర్వాతి సైటు" అన్న మాటను జీతం లెక్కలో కలుపుకోకండి. దాని మీద అప్పు అసలే చేయకండి.

వర్క్ పర్మిట్ మీద ఎవరి పేరుందో చూసుకోండి. మీరు చేసిన ప్రతి ట్రైనింగ్ సర్టిఫికెట్ నకలు మీ దగ్గరే పెట్టుకోండి. పైలింగ్, కేబుల్, క్రేన్ సిగ్నల్ పని తెలిసినవాడు సోలార్ ఆగితే సబ్‌స్టేషన్‌కు, బ్యాటరీ సైటుకు మారొచ్చు. ఊళ్లో డాబా మీద ప్యానెళ్లు పెట్టిద్దామనుకునేవాళ్లూ అంతే. అమ్మేవాడి మాట కాకుండా, ఆ రోజున అమల్లో ఉన్న సబ్సిడీ ఉత్తర్వు, తేదీ చదువుకుని డబ్బు పంపండి.

మా సంగతి అంటారా? నల్గొండ అన్న ఇంటికి వెళ్లిపోయాడు. మిగిలిన ముగ్గురికీ నాలుగు నెలల తర్వాత ఒక సబ్‌స్టేషన్ పని దొరికింది. చెల్లెలి పెళ్లి జరిగింది, అప్పు ఇంకా తీరుతోంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. దీపం వెలిగించే పనిలో ఉన్న మాకు ఆ సామెత కాస్త ఆలస్యంగా తలకెక్కింది. మీకు ముందే ఎక్కాలని ఈ నాలుగు మాటలు.