టీవీ ఓనరుది... లైసెన్సు మనది!

ఐర్లాండ్‌కి కొత్తగా వచ్చిన మనోళ్లు వానకి రెండు వారాల్లో అలవాటు పడిపోతారు. నాలుగింటికే చీకటి పడే డిసెంబరుకి ఒక్క చలికాలంలో అలవాటు పడతారు. టీవీ లైసెన్సుకి మాత్రం అంత తొందరగా అలవాటు పడరు. బండికి లైసెన్సు తెలుసు, తుపాకీకి లైసెన్సు తెలుసు. హాల్లో టీవీ ఉన్నందుకు ఏటా 160 యూరోలు కట్టాలంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. మన నాన్నల తరానికి చెప్తే నవ్వరు లెండి. రేడియోకి కూడా పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజులు వాళ్లకి గుర్తే.

మేం నలుగురం డబ్లిన్ శివారులో ఒకే అద్దెయింట్లో ఉంటాం. ఒకరు ఇండియన్ రెస్టారెంట్లో వంటమాస్టరు, ఒకరు వృద్ధుల నర్సింగ్‌హోంలో, ఒకరు గోదాంలో, చిన్నోడు సాఫ్ట్‌వేర్ టెస్టింగులో. నలుగురికీ ఉన్న ఒకే ఒక్క ఉమ్మడి దురలవాటు వీడియోగేమ్స్. హాల్లో ఉన్న టీవీ ఇంటి ఓనరుది. దానికి యాంటెన్నా లేదు, డిష్ లేదు, ఉన్నదల్లా ఒక ప్లేస్టేషన్. 'మేం చానళ్లు చూడం, ఆటలాడుకుంటాం అంతే' అని వాదించొచ్చని మాలో చాలామందిమి అనుకునేవాళ్లం. చట్టం దగ్గర ఆ వాదన చెల్లదు. చూస్తున్నారా లేదా అన్నది కాదు, చూడగలిగే సెట్టు ఇంట్లో ఉందా అన్నదే లెక్క. పాడైపోయి మూలన పడున్నా, బాగుచేయించే వీలుంటే కట్టాల్సిందే. ఓనరు కొన్నదైనా, ఇంట్లో పెట్టుకుని ఉంటున్నది మనం కాబట్టి లైసెన్సు మన నెత్తినే. ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో చూసుకునేవాళ్లకి, ట్యూనర్ లేని కంప్యూటర్ మానిటర్ మీద ఆడుకునేవాళ్లకి ఈ బాధ లేదు. కట్టకుండా దొరికి కోర్టు దాకా వెళ్తే మొదటిసారి జరిమానా వెయ్యి యూరోల దాకా, మళ్లీ దొరికితే రెండు వేల దాకా ఉంటుంది. ఇంటికి ఒక్క లైసెన్సు చాలు, లోపల టీవీలు ఎన్నున్నా. నలుగురం పంచుకుంటే మనిషికి నలభై, నెలకి మూడున్నర యూరోలు కూడా పడదు. గదికో అగ్రిమెంటు రాసుకునే ఇళ్లలో మాత్రం లెక్క మారొచ్చు. చేరేముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఈ డబ్బు ఎక్కువగా ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్‌టీఈకి పోతుంది. మన దూరదర్శన్ లాంటిదన్నమాట. వాళ్ల టీవీ 1961 డిసెంబరు 31న మొదలైంది. 2023 జూన్‌లో ఆ సంస్థే, తమ ఖరీదైన వ్యాఖ్యాతకిచ్చిన సొమ్ముని కొన్నేళ్లపాటు మొత్తం మీద 3,45,000 యూరోలు తక్కువ చేసి చూపించామని ఒప్పుకుంది. ఊరంతా భగ్గుమంది. చాలామంది ఐరిష్ వాళ్లు కోపంతో లైసెన్సు కట్టడం మానేశారు. ఇక ఈ ఫీజు ఎత్తేస్తారనే మేమూ ఆశపడ్డాం. 2024 జూలైలో ప్రభుత్వం మూడేళ్లకి 72 కోట్ల 50 లక్షల యూరోల నిధులు ప్రకటించి, లైసెన్సుని మాత్రం అలాగే ఉంచింది. కోపం వాళ్లది, వాళ్ల దేశం. వాళ్లని చూసి మనం మానేస్తే మాత్రం వీసా రెన్యువల్ పెట్టుకునేవాళ్లకి కోర్టు కాగితం అంత తేలికైన విషయం కాదు.

బాతు ఎలా పడేది?

ఆ టీవీ మీద మొన్న ఒక ప్రయోగం చేశాం. మాలో ఒకరు ఊరెళ్లి వస్తూ అటక మీద దొరికిన పాత టీవీ గేమ్ తెచ్చారు. పసుపురంగు క్యాసెట్, '9999 ఇన్ 1' అని రాసుంటుంది, తీరా చూస్తే పది ఆటలే తిరగేసి మరగేసి ఉంటాయి. నింటెండో వాళ్లు 1983లో జపాన్‌లో వదిలిన ఫామికామ్‌కి నకలు అది. మన ఊళ్లలో వేసవి సెలవులన్నీ దాని ముందే గడిచాయి. ఆ బాతుల ఆట గుర్తుందా? ప్లాస్టిక్ గన్‌తో తెర మీద బాతుల్ని కొట్టేవాళ్లం. ఇక్కడి టీవీకి తగిలిస్తే మారియో బ్రహ్మాండంగా పరిగెత్తాడు. బాతు మాత్రం ఒక్కటీ పడలేదు. నలుగురం వంతులేసుకుని తెరకి ఆనించి మరీ కాల్చాం.

గురి తప్పు కాదు, టీవీ మారింది. ఆ గన్‌లోంచి టీవీలోకి ఏమీ పోదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క రెప్పపాటు నల్లగా మారి, బాతు ఉన్నచోట తెల్లటి గడి మెరుస్తుంది. గన్ గొట్టంలో ఉన్న కన్ను ఆ తెలుపుని పట్టుకుంటే బాతు పడ్డట్టు. పాత గాజుబుడ్డి టీవీలో ఆ మెరుపు ఠంచనుగా వచ్చేది. ఇప్పటి పల్చటి టీవీలు బొమ్మని కాస్త సర్దిచూపిస్తాయి. ఆ కాస్త ఆలస్యానికే గన్‌కి కనపడాల్సింది కనపడదు. చిన్నప్పుడు గన్ లోపల ఏదో కిరణం ఉందని కొట్టుకు చచ్చాం, అసలు కిరణం టీవీలోదేనన్నమాట.

డబ్లిన్‌లో గేమ్స్ పిచ్చోళ్లు గర్వపడాల్సిన సంగతి ఇంకోటుంది. ట్రినిటీ కాలేజీ ముందు ఫొటో దిగని తెలుగువాడు ఉండడు. అక్కడి కంప్యూటర్ విభాగంలో పనిచేసిన హ్యూ రేనాల్డ్స్, స్టీవెన్ కాలిన్స్ 1998లో 'హావోక్' అనే కంపెనీ పెట్టారు. అంతకుముందు ఆటల్లో విలన్ని కాలిస్తే ముందే గీసిపెట్టిన ఒకే భంగిమలో పడేవాడు. మెట్ల మీద కాల్చినా గాల్లో చాప పరిచినట్టే. వీళ్ల సాఫ్ట్‌వేర్ వచ్చాక బరువు, వేగం, ఒరిపిడి లెక్కగట్టి మెట్టు మెట్టుకీ దొర్లుకుంటూ పడటం మొదలెట్టాడు. 2004లో వచ్చిన 'హాఫ్ లైఫ్ 2'లో డబ్బాలు, పీపాలు ఎత్తి విసిరే సరదా అంతా దీని చలవే. ఆ కంపెనీని 2007లో ఇంటెల్, 2015లో మైక్రోసాఫ్ట్ కొన్నాయి. కాల్ ఆఫ్ డ్యూటీ ఆన్‌లైన్ ఆట వెనక పనిచేసే 'డెమన్‌వేర్' పుట్టింది కూడా డబ్లిన్‌లోనే, 2003లో. 'డూమ్' సృష్టికర్తల్లో ఒకరైన జాన్ రొమేరో అయితే అమెరికా వదిలేసి 2015లో గాల్వేకి మకాం మార్చాడు. వానకి భయపడని మనిషి!

వీళ్ల నవ్వు, మన నవ్వు

గేమ్ ఆపితే మా ఇంట్లో నడిచేది పాత కామెడీ. మనకి 'అమృతం' ఎలాగో వీళ్లకి 'ఫాదర్ టెడ్' అలాగ. 1995 నుంచి 1998 దాకా ఇంగ్లండు చానల్ ఫోర్‌లో వచ్చింది, మొత్తం 25 భాగాలే. ఎక్కడో లేని ఒక దీవిలో ముగ్గురు చర్చి ఫాదర్లు, వాళ్లకి వండిపెట్టే మిసెస్ డాయిల్. ఆవిడ టీ వద్దన్నవాణ్ణి వదలదు. 'ఒక్క గరిటె అండీ, నా మీద ఒట్టు' అని పప్పు వడ్డించే మన గోదావరి జిల్లా పిన్నిగారే ఆవిడ. మొదటిసారి చూసినప్పుడు భాష సగమే అర్థమైంది, ఆవిడ మాత్రం పూర్తిగా అర్థమైంది. టెడ్‌గా వేసిన డెర్మట్ మోర్గన్ చివరి భాగం షూటింగ్ ముగిసిన మర్నాడే, 1998 ఫిబ్రవరి 28న, 45 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. ఆ సంగతి తెలిశాక ఆఖరి భాగం చూస్తుంటే మాకు మన ఆంజనేయులు, గుండు హనుమంతరావు గారే గుర్తొచ్చారు. ఆయనా 2018లో ఫిబ్రవరిలోనే పోయారు. అంజి హోటల్ కష్టాలకి ఇంటిల్లిపాదీ నవ్వినవాళ్లం కదా మనం.

పనిచేసేచోట వీళ్ల వెటకారం మొదట్లో గుచ్చుకుంటుంది. దగ్గరివాణ్ణే ఎక్కువ ఆటపట్టిస్తారు. మర్యాదగా మాట్లాడుతున్నారంటే ఇంకా దూరం పెట్టారని. ఏదైనా పని చెప్తే 'ఐ విల్, యా' అని సాగదీసి అన్నారనుకోండి, చేస్తారని కాదు, చస్తే చెయ్యరని! మన 'ఆ... అలాగే చూద్దాం' కి అన్నగారన్నమాట. గోదాం తమ్ముడు ఇది తెలియక ఒకణ్ణి నమ్మి వారం రోజులు ఎదురుచూశాడు. ఇప్పుడు లైసెన్సు వాటా అడిగితే వాడే మాకు 'ఐ విల్, యా' అంటున్నాడు.

వంటమాస్టరన్న ఆట

ఇక అసలు సమస్య ఊళ్లోవాళ్లతో కలిసి ఆడటం. పబ్జీ మొబైల్‌ని మన దేశంలో 2020 సెప్టెంబరులో ఆపేశారు, 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో ఇండియా వాళ్లకి విడిగా వచ్చింది. దాంతో మేనల్లుళ్లు ఆ గట్టున, మేం ఈ గట్టున. ఇద్దరికీ దొరికే ఆట ఏదైనా పట్టుకున్నా దూరం ఊరుకోదు. డబ్లిన్ నుంచి హైదరాబాద్ గాల్లో గీత గీస్తే దాదాపు 8 వేల కిలోమీటర్లు. గాజుతీగలో వెలుగు సెకనుకి 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే పోయిరావడానికే సెకనులో పన్నెండో వంతు. తీగ తిన్నగా పోదు, సముద్రాల కింద చుట్టు తిరిగి పోతుంది కాబట్టి మా ఇంట్లో అది రెట్టింపవుతుంది. తుపాకీ ఆటల్లో ఆ వ్యవధి చాలు, మనం వాణ్ణి చూసేలోపు వాడు మనల్ని లేపేస్తాడు. ఎంత ఖరీదైన ఇంటర్నెట్ పెట్టించినా వెలుగుని తొందరపెట్టలేం.

వంటమాస్టరన్న కుటుంబం నిజామాబాద్ దగ్గర ఊళ్లో ఉంది. కూతురు ఆరో తరగతి. రాత్రి ఆయన పొయ్యి కట్టేసి ఇల్లు చేరేసరికి పదకొండు, అక్కడ తెల్లారి నాలుగున్నర. వీడియో కాల్ చేస్తే 'బాగున్నావా బిడ్డా', 'బాగున్న నాన్నా', 'తిన్నవా', 'తిన్న' అంతే. తర్వాత ఇద్దరూ తెర చూస్తూ కూర్చునేవాళ్లు. పిల్లకి స్కూల్లో చదరంగం నేర్పారని తెలిసి, చిన్నోడు అన్న ఫోన్లో ఒక చెస్ యాప్ వేసిపెట్టాడు. ఎత్తుకి మూడు రోజుల గడువు పెట్టుకోవచ్చు, ఇద్దరూ ఒకేసారి మేలుకుని ఉండక్కర్లేదు. తీగ ఎంత ఆలస్యం చేసినా గుర్రానికి ఏమీ కాదు.

ఇప్పుడు అన్న పొయ్యి ఆర్పాక బస్సులో ఒక ఎత్తు వేస్తాడు. పిల్ల బడికి పోయేముందు చూసి తన ఎత్తు వేస్తుంది. మధ్యాహ్నం మూడున్నరకి, లంచ్ అయిపోయి రాత్రి వంటకి ఉల్లిపాయలు కొయ్యకముందు, అక్కడ చలికాలంలో రాత్రి తొమ్మిది. అప్పుడు ఫోన్ చేస్తాడు. మాటలకి ఇప్పుడు కొదవ లేదు. 'నా ఏనుగును ఎందుకు తిన్నవే', 'నువ్వు చూసుకోవద్దా నాన్నా' అని పోట్లాట. మొన్న ఆరు ఎత్తుల తర్వాత మంత్రి పోయింది. అన్న పోయినందుకు కాదు, పిల్ల దాన్ని నాలుగు రోజుల ముందే ఆలోచించి పెట్టుకుందని తెలిసి ఆ పూట షిఫ్టులో అందరికీ చెప్పుకున్నాడు. ఐరిష్ మేనేజరు వదులుతాడా, ఆరో తరగతి పిల్ల చేతిలో ఓడినవాడికి బిర్యానీ మీద మాత్రం నమ్మకం ఏంటని ఏడిపిస్తున్నాడట. ప్రస్తుతానికి పిల్ల నాలుగు ఆటలు, అన్న ఒకటి. ఐదో ఎత్తు దగ్గర ఆరో ఆట ఆగి ఉంది, వంతు అన్నదే.