కంప్యూటరు తెరపై గెలాక్సీ

చంద్రుడు లేని రాత్రి, దీపముల వెలుగు సోకని పల్లెపట్టున నిలిచి తలయెత్తి చూచినచో ఆకాశమునకు అడ్డముగా పరచుకొనిన తెల్లని చార యొకటి కానవచ్చును. దానినే మనవారు పాలవెల్లి యనియు, పాలపుంత యనియు, ఆకాశగంగ యనియు పిలిచిరి. వినాయక చవితినాడు దేవుని తలపైన పండ్లతోను, పొత్తులతోను అలంకరించి వ్రేలాడగట్టు చట్రమునకు కూడ పాలవెల్లి యనియే పేరు. ఆకాశమునందలి వెలుగును ఇంటిలోనికి తెచ్చుకొనవలెనను ముచ్చట తెలుగువారికి క్రొత్తది కాదని ఆ పేరే చెప్పుచున్నది. నేడు ఆ ముచ్చట తీర్చుకొనుటకు ఒక కంప్యూటరును, చిత్రములను దిద్దు ఒక సాఫ్టువేరును ఉన్న చాలును.

అయితే ఇందులో ఒక చిక్కు కలదు. చట్రమునకు కట్టిన వెలగపండును చూచి నక్షత్రమని భ్రమపడువారు ఎవరును లేరు. తెరపై చక్కగా రచించిన గెలాక్సీని చూచినవారు మాత్రము అది దూరదర్శిని తీసిన ఫోటోయనియే నమ్ముదురు. కావున ఇట్టి చిత్రమును ఎట్లు రచింపవలెనో తెలిసికొనుటతో పాటు, రచించిన పిమ్మట దానిని ఏమని చెప్పుకొనవలెనో కూడ తెలిసికొనుట అవసరము. కంటికి చూపవలసిన పనిని చెవికి వినిపించుట కొంత కష్టమే. అయినను ఈ చిత్రరచనయందు చేతిపనికంటె ఆలోచన హెచ్చు. ఆలోచనను మాటలతో చెప్పవచ్చును.

ముందుగా పనిముట్ల సంగతి. థామస్ నోల్, జాన్ నోల్ అను సోదరులు రూపొందించిన ఫోటోషాప్ అను సాఫ్టువేరును అడోబీ సంస్థ 1990లో వెలువరించినది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండిన స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అను ఇరువురు నిర్మించిన జింప్ 1996లో వెలువడినది; దీనిని ఎవరైనను వెల యీయకయే వాడుకొనవచ్చును. మనము చెప్పుకొనబోవు పని రెండింటితోను సాధ్యమగును.

కంప్యూటరుకు చిత్రమనగా అంకెల పట్టిక. పట్టికలోని ఒక్కొక్క గడిని పిక్సెల్ అందురు. సాధారణముగా ప్రతి పిక్సెలునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులను తెలుపు మూడు అంకెలుండును. ఒక్కొక్కటి 0 మొదలు 255 వరకు ఉండవచ్చును. మూడును 0 అయినచో కారునలుపు. మూడును 255 అయినచో తెలుపు. చిత్రమును ఒకే పలకపైగాక, ఒకదానిపై నొకటి పేర్చిన గాజుపలకల వలె పెక్కు పొరలలో రచింపవచ్చును. వీనినే లేయర్లందురు. ఫోటోషాప్‌లో ఈ సౌకర్యము 1994లో వచ్చినది. ఒక పొరను చెరిపినను, కదిపినను తక్కిన పొరలు చెక్కుచెదరవు. నక్షత్రములకొక పొర, గెలాక్సీ చక్రమున కొక పొర, నడిమి కాంతికొక పొర, ధూళికొక పొర, ఈ విధముగా పని సాగవలెను.

మొదట నిడివియు వెడల్పును 4,000 పిక్సెళ్లు గల చదరపు పలకను తీసికొని నలుపుతో నింపవలెను. నలుపనగా సున్న కాదు. 8 గాని 10 గాని ఉంచుట మంచిది. అడుగు పూర్తిగా సున్న యైనచో మీద రాబోవు మిక్కిలి పలుచని వెలుగులు తెగిపోయినట్లు కనబడును. దీనిపై నక్షత్రముల పొరను వేయవలెను. సాఫ్టువేరులో నాయిస్ అను ఫిల్టరు గలదు. అది పలకయంతటను తెల్లని నలుసులను అడ్డదిడ్డముగా వెదజల్లును. వానిని కొద్దిగా మసకబరచి, లెవెల్స్ అను సాధనముతో మసక నలుసులను నలుపులో ముంచివేసినచో, ప్రకాశవంతమైనవి కొన్ని మాత్రము మిగిలి నక్షత్రములవలె మెరయును.

ఇక్కడ ప్రకృతి చెప్పు లెక్క యొకటి కలదు. ఆకాశమంతటను మామూలు కంటికి కనబడదగిన నక్షత్రములు సుమారు 6,000. వానిలో మిక్కిలి ప్రకాశించునవి 20 మాత్రమే. అనగా పెద్ద చుక్కలు అరుదు, చిన్న చుక్కలు కొల్లలు. అన్ని చుక్కలను ఒకే పరిమాణమున వేసిన చిత్రము నేలపై చల్లిన ముగ్గుపిండివలె ఉండునేగాని ఆకాశమువలె ఉండదు. రంగు విషయమునను జాగ్రత్త వహింపవలెను. మిక్కిలి వేడిగల నక్షత్రము నీలపుజాయతోను, చల్లనిది నారింజజాయతోను కనబడును. ఆకుపచ్చని నక్షత్రము మాత్రము కనబడదు.

ఇక గెలాక్సీ. చాలమంది ఇచ్చటనే పొరబడుదురు. నక్షత్రముల చుక్కలనే సుడివలె త్రిప్పి గెలాక్సీ యని తృప్తిపడుదురు. ఒక్క లెక్క వేసి చూతము. మన గెలాక్సీ వంటి దానిలో తక్కువ లెక్కకైనను 10,000 కోట్ల నక్షత్రములుండును. దాని చక్రము మన పలక నంతటిని ఆక్రమించిన దనుకొందము. 4,000 పిక్సెళ్లు వ్యాసముగల వృత్తములో సుమారు 1 కోటి 25 లక్షల పిక్సెళ్లుండును. భాగించి చూచినచో ఒక్కొక్క పిక్సెలులో సగటున 8,000 నక్షత్రములు ఇమిడియుండవలెను! అట్టిచోట నక్షత్రములు చుక్కలుగా ఎట్లు కనబడును? అవి కలసి పాలవంటి కాంతిగా కనబడవలసినదే. సామాన్యమైన దూరదర్శినులతో తీసిన ఆండ్రొమెడా గెలాక్సీ ఫోటోలలో విడివిడిగా కనబడు చుక్కలు ఆ గెలాక్సీవి కావు. అవి మనకును దానికిని నడుమనున్న మన పాలపుంతలోని నక్షత్రములు. ఆండ్రొమెడా మనకు 25 లక్షల కాంతి సంవత్సరముల దూరమున నుండగా, ఆ చుక్కలు మన ముంగిటనే ఉన్నవి. కాబట్టి చుక్కల పొరను సుడి త్రిప్పక విడిగానే యుంచి, గెలాక్సీని పొగమంచువలె రచింపవలెను.

అందులకు మబ్బుల అల్లికను సృష్టించు ఫిల్టరును క్రొత్త పొరపై ప్రయోగించి, నడుమనుండి ఇరుప్రక్కలకు రెండు వెడల్పైన పట్టీలను మాత్రము మిగిల్చి తక్కినదానిని మెత్తని కుంచెతో చెరిపివేయవలెను. పిమ్మట ట్వర్ల్ అను ఫిల్టరుతో పొరను త్రిప్పినచో ఆ పట్టీలు సర్పిలాకారమున వంగి రెండు బాహువులగును. ఎంత త్రిప్పవలెనన్నది ముఖ్యము. హద్దు మీరినచో బాహువులు గడియారపు స్ప్రింగువలె సన్నని చుట్టలై పోవును. నిజమైన గెలాక్సీలకు అట్లేల జరుగుటలేదను ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలకాలము వేధించినది. మన సూర్యుడు పాలపుంత కేంద్రమును ఒక్కసారి చుట్టివచ్చుటకు సుమారు 23 కోట్ల సంవత్సరములు పట్టును. లోపలి నక్షత్రములు అంతకంటె త్వరగా చుట్టివచ్చును. బాహువులు ఎల్లప్పుడును అవే నక్షత్రములతో ఏర్పడినవైనచో ఈపాటికి అనేక చుట్లు చుట్టుకొని రూపుమాసి యుండవలెను. సి. సి. లిన్, ఫ్రాంక్ షూ అను శాస్త్రజ్ఞులు 1964లో దీనికొక సమాధానము చెప్పిరి. బాహువు ఒక వస్తువు కాదు, సాంద్రత యొక్క తరంగము. తిరునాళ్ల త్రోవలో ఇరుకైనచోట జనము క్రిక్కిరిసినట్లు, నక్షత్రములును వాయువును అచ్చటికి వచ్చి క్రిక్కిరిసి, మరల ముందునకు సాగిపోవును. మనుష్యులు మారుచుందురు, గుంపు మాత్రము నిలిచియుండును. కనుక బాహువులు కేంద్రమును ఒకటి రెండు మారులు చుట్టునంతవరకు త్రిప్పి ఆపవలెను.

సుడి త్రిప్పిన తరువాతనే చక్రమును వాల్చవలెను. ముందు వాల్చి తరువాత త్రిప్పినచో రూపము వికృతమగును. చక్రము 60 డిగ్రీలు వాలినట్లు కనబడవలెనన్న దాని ఎత్తును సగమునకు తగ్గించిన చాలును. నడిమి భాగము మాత్రము పళ్లెమువలె చదునైనది కాదు, ఉబ్బెత్తుగా నుండును. కాబట్టి చక్రమును వాల్చిన పిమ్మట, నడిమి వెలుగును వేరొక పొరపై గుండ్రముగా రచింపవలెను.

పొరలను కలుపు పద్ధతి యందే ఈ విద్యయొక్క రహస్యమున్నది. వెలుగుపై వెలుగు పడినచో ప్రకాశము పెరుగును. అందులకు స్క్రీన్ అను కలయికను ఎన్నుకొనవలెను. 128 ప్రకాశముగల రెండు పొరలు ఈ విధముగా కలసినచో 192 అగును. ఎన్ని కలసినను 255ను మించదు. ధూళి అట్లు కాదు. అది తనవెనుకనున్న వెలుగులో కొంత భాగమును మ్రింగివేయును. అందులకు మల్టిప్లై అను కలయిక తగినది. అవే రెండు పొరలు ఇట్లు కలసినచో 64కు తగ్గును. కాబట్టి కాంతి పొరలన్నియు స్క్రీన్ గాను, ధూళి పొర మల్టిప్లై గాను ఉండవలెను. గోధుమవన్నె ధూళిచారలను బాహువుల లోపలి అంచువెంట సన్నగా గీయవలెను. తరంగములో చిక్కిన వాయువు మొదట ఒత్తిడికి లోనగునది అచ్చటనే.

రంగులును ఇట్లే కారణమును అనుసరించి రావలెను. నడిమి భాగమున పాత నక్షత్రములు హెచ్చు, కావున అది పసుపుజాయ. బాహువులలో క్రొత్తగా పుట్టిన వేడి నక్షత్రములుండును, కావున నీలపుజాయ. వాని కాంతి సోకి వెలుగు హైడ్రొజన్ నీహారికలు గులాబివన్నె మచ్చలుగా బాహువులవెంట అక్కడక్కడ కానవచ్చును. పెద్ద చుక్కలకు కిరణములు గీయదలచినవారు గుర్తుంచుకొనవలసినది: ఆ కిరణములు నక్షత్రమునకు లేవు, దూరదర్శిని వలన కలుగుచున్నవి. హబుల్ దూరదర్శిని చిత్రములలో రెండవ అద్దమును పట్టియుంచు కమ్మీల వలన నాలుగు కిరణములును, వెబ్ దూరదర్శిని చిత్రములలో ఆరు పలకల అద్దముల వలన ఆరు పెద్ద కిరణములును కనబడును. ఒకే చిత్రములో కొన్నింటికి నాలుగు, కొన్నింటికి ఆరు వేయరాదు.

చిత్రము ముగిసినది. ఇక దీనిని ఏమని చెప్పుకొనవలెను? శాస్త్రజ్ఞుల చిత్రములును ఇదే సాఫ్టువేరులో తయారగుచున్నవి గదా, తేడా యేమని కొందరడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. 1990లో ఆకాశమున కెగసిన హబుల్ తీయునవి తెలుపు నలుపు చిత్రములు. వేరువేరు రంగుల అద్దముల ద్వారా తీసిన వానికి రంగు లద్ది, పొరలుగా పేర్చి, ఒక్కటి చేయుదురు. దూరదర్శిని ఫలితములను ఫోటోషాప్‌లో తెరచుటకు వీలుగా 2004లో ఫిట్స్ లిబరేటర్ అను ఉపకరణమును కూడ వెలువరించిరి. 2021 డిసెంబరులో బయలుదేరిన వెబ్ చూచునది ముఖ్యముగా కంటికి కనబడని పరారుణ కాంతి. దాని చిత్రములలో పొడవైన తరంగములకు ఎరుపును, పొట్టివానికి నీలమును కేటాయింతురు. అయినను అందులోని ప్రతి వెలుగునకు వెనుక దూరదర్శినిపై నిజముగా పడిన కాంతి యొకటి కలదు. మన చిత్రములోని వెలుగులకు అట్టి ఆధారము లేదు. పనిముట్టు ఒకటే, సాక్ష్యము వేరు.

ఆధారము లేనంతమాత్రమున చిత్రము చులకన యనుకొనరాదు. 1845లో ఐర్లాండులోని బర్ కోటయందు 72 అంగుళముల అద్దముగల దూరదర్శినితో లార్డ్ రాస్ ఒక నీహారికను చూచి, దాని సుడిని చేతితో గీసి లోకమునకు చూపెను. నేడు ఎం 51 అను పేర ప్రసిద్ధమైన గెలాక్సీ అదియే. గెలాక్సీల సర్పిలాకారము లోకమునకు మొదట తెలిసినది ఫోటోవలన కాదు, ఆ చిత్రమువలన. మన పాలపుంత విషయమున నేటికిని మనకు చిత్రమే గతి. 1977లో బయలుదేరిన వాయేజర్ 1 అర్ధశతాబ్ది ప్రయాణించియు చేరిన దూరము కాంతికి ఇంచుమించు ఒక్కనాటి నడక. పాలపుంత వ్యాసమో సుమారు లక్ష కాంతి సంవత్సరములు. ఇంటిలోనున్నవాడు ఇంటి పైకప్పును ఫోటో తీయలేనట్లు, పాలపుంత నంతటిని వెలుపలినుండి ఫోటో తీసినవారు లేరు. పుస్తకములలోను, ఫోనులలోను తరచుగా కనబడు పాలపుంత రూపము స్పిట్జర్ దూరదర్శిని ఫలితములు ఆధారముగా రాబర్ట్ హర్ట్ 2008లో రచించిన చిత్రము, లేదా దానివంటిది. అది చిత్రకారుని ఊహారూపమని దానిని వెలువరించినవారు స్పష్టముగా చెప్పిరి. చేతులు మారునప్పుడు ఆ మాట జారిపోయి, పిల్లలు దానిని ఫోటోయని నేర్చుకొనుచున్నారు. మాటలలో చెప్పినంతనే చిత్రమును కల్పించి యిచ్చు యంత్రములు వచ్చిన ఈ కాలమున ఆ ప్రమాదము ఇంకను హెచ్చినది.

కావున చిత్రము పూర్తియైన పిమ్మట చివరి పొరగా ఒక మూల చిన్న అక్షరములతో ఇది కల్పిత చిత్రమనియు, రచించిన సంవత్సరమును వ్రాయవలెను. ఏదైన నిజమైన గెలాక్సీని అనుసరించి గీసినచో దాని పేరును చేర్చవలెను. చిత్రముతో పాటు వేరుగా పంపిన వివరణ దారిలో రాలిపోవచ్చును గనుక చిత్రముపైననే వ్రాయుట మేలు. చూచువారు దానిని ఆనందింతురు. నిజమైన ఫోటోను చూచినప్పుడు దానిని నమ్మగల శక్తియు వారికి మిగిలియుండును.