స్పానిష్‌లో మన వారాలు

పిల్లలూ! స్పానిష్ భాషలో అయిదు వారాల పేర్లు నేర్చుకోవడం మీకు చాలా తేలిక. ఎలాగంటారా?

సోముడంటే చంద్రుడు గదా! స్పానిష్‌లో చంద్రుణ్ణి 'లూనా' అంటారు, సోమవారం 'లూనెస్'. అంగారక గ్రహం 'మార్తె', మంగళవారం 'మార్తెస్'. బుధ, గురు, శుక్రవారాలైన 'మియెర్కొలెస్', 'హ్వేవెస్', 'బియెర్నెస్' కూడా ఆయా గ్రహాల పేర్ల నుంచి వచ్చినవే. ప్రాచీన కాలంలో గ్రహాలను బట్టి ఏర్పడిన ఈ వరుస రోమనులకూ, మన జ్యోతిష్కులకూ కూడా చేరింది. రోమనుల లాటిన్ నుంచే స్పానిష్ పుట్టింది.

మిగిలిన రెండూ వేరు. శనివారం 'సాబదో' యూదుల విశ్రాంతి దినం. ఆదివారం 'దొమింగో' క్రైస్తవులకు ప్రభువు దినం.

తేదీ చెప్పేటప్పుడు ముందు వారం, తర్వాత అంకె, ఆపైన నెల. మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టు 15 శుక్రవారం. అంటే 'బియెర్నెస్, కిన్సె దె అగోస్తో'. మరి మీరు పుట్టిన వారం స్పానిష్‌లో ఏమవుతుందో చెప్పగలరా?