పరుగెత్తే నాన్న, కుళాయి దగ్గర అమ్మ



2024 ఆగస్టులో ఒక బుధవారం సాయంత్రం, స్త్రీల ప్రార్థన కూటం అయిపోయాక ఒక సహోదరి వెళ్ళకుండా మా వరండాలోనే కూర్చుండిపోయింది. మా ఇంటావిడ కాఫీ ఇచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆమె ఏమీ మాట్లాడలేదు. తరువాత నన్ను చూసి, “అయ్యగారూ, మీరొకసారి మావారితో మాట్లాడాలండి. ఆయన పరుగెత్తుతున్నారు” అన్నది.

తాగుడు గురించి, అప్పుల గురించి, అత్తాకోడళ్ళ తగవుల గురించి నా దగ్గరకు వచ్చినవారు చాలామంది ఉన్నారు. పరుగు గురించి ఫిర్యాదు వినడం నాకదే మొదలు. నవ్వు వచ్చిన మాట నిజమే. ఆమె ముఖం చూసి ఆపుకున్నాను.

ఆమె భర్తను నేనెరుగుదును. ఉపాధ్యాయుడు, ముప్పై ఎనిమిదేళ్ళవాడు, సండే స్కూలులో పాఠం చెబుతాడు. తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు. వాళ్ళ నాన్నగారు యాభై రెండేళ్ళకే గుండెపోటుతో పోయారు. ఈయనకు కూడా ఒక వైద్య శిబిరంలో షుగరు అంచుమీద ఉన్నదని చెప్పారు. భయపడి నడక మొదలుపెట్టాడు. నడక పరుగయింది. అయిదు కిలోమీటర్లు పదయ్యాయి. తోటి ఉపాధ్యాయుడొకాయన ఫోనులో చూపించగా, డిసెంబరులో విశాఖపట్నం సముద్రతీరంలో నౌకాదళంవారు జరిపే పరుగులో హాఫ్ మారథాన్‌కు పేరు ఇచ్చేశాడు.

హాఫ్ మారథాన్ అంటే 21 కిలోమీటర్ల 97 మీటర్ల చిల్లర. 1908లో లండన్ ఒలింపిక్ పోటీల్లో పరుగెత్తిన 42.195 కిలోమీటర్ల దూరాన్నే 1921లో మారథాన్‌కు ఖాయం చేశారు. ఇది అందులో సరిగ్గా సగం. కిలోమీటరుకు ఏడు నిమిషాలు చొప్పున ఆగకుండా పరుగెత్తినా రెండు గంటల ఇరవై ఏడు నిమిషాలు పడుతుంది. కాస్త పరుగు అలవాటున్న మనిషికి కూడా పన్నెండు, పద్నాలుగు వారాల తయారీ కావాలి.

“ఆయన పరుగెత్తడానికి నేను అడ్డం కాదండి. మామగారు ఎలా పోయారో నేనూ చూశాను కదా. కాని మా వీధిలో కుళాయి ఐదున్నరకు వస్తుంది, ఆరున్నరకు ఆగిపోతుంది. సరిగ్గా ఆ గంటే ఆయన ఇంట్లో ఉండరు. నీళ్ళు పట్టాలి, క్యారేజీలు కట్టాలి, చిన్నాడు లేస్తాడు. ఆయనేమో ఎనిమిదిన్నరకే పడుకుంటున్నారు. పాప పుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడుతోంది” అన్నది ఆమె.

మరుసటి శనివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. “వారానికి నాలుగు గంటలే కదండీ అయ్యగారూ, టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్ళు ఇంతకన్నా ఎక్కువ పోగొడతారు” అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. కాబట్టి లెక్క వేద్దామన్నాను. గోడమీది కేలెండరు చింపి, దాని వెనక భార్యాభర్తలిద్దరినీ రాయమన్నాను.

పరుగు వారానికి నాలుగు రోజులు, మొత్తం నాలుగు గంటలు. ఇది ఆయన రాసినది. తరువాత ఆమె రాయడం మొదలుపెట్టింది. పరుగు నుంచి వచ్చాక చెమట ఆరడం, కాళ్ళు సాగదీయడం, స్నానం, రోజుకు నలభై నిమిషాలు. నాలుగు రోజులకు రెండు గంటల నలభై నిమిషాలు. ఆదివారం పొద్దున్న దూరపు పరుగు కాబట్టి ఆరాధన అయ్యాక భోంచేసి రెండు గంటలు నిద్ర. తెల్లవారుఝామున లేవాలని పెందలాడే పడుకునే నాలుగు రాత్రులు, పిల్లలతో కూర్చోవలసిన గంట చొప్పున నాలుగు గంటలు. కూడితే పన్నెండు గంటల నలభై నిమిషాలు. కాళ్ళు నాలుగు గంటలు పరుగెత్తితే ఇల్లు పన్నెండు గంటలకు పైగా చెల్లిస్తున్నది. ఆయన ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. తెలిసి చేసిన తప్పు కాదది. ఎవరూ లెక్క పెట్టలేదు, అంతే.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ఆరోగ్యం కోసమే అయితే ఇరవై ఒక్క కిలోమీటర్లు ఎవరికీ అవసరం లేదు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడిస్తే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు. అంతకు మించినది మన ఇష్టం, మన సరదా. సరదా తప్పని నేననను. కాని సరదాకు ఇంటివారి సమ్మతి తీసుకోవాలి. ‘డాక్టరు చెప్పాడు’ అన్న మాటను దానికి కప్పకూడదు. ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. “నాన్న పోయాక నేను ఏదైనా ఒకటి పూర్తి చేయగలనని అనుకోవాలనుందండి” అన్నాడు. అప్పుడు ఆమె తల తిప్పి ఆయన వైపు చూసింది. ఆ మాట ఆమెకు కూడా కొత్తదే అనుకుంటాను.

ఆ రోజు వాళ్ళిద్దరూ కలిసి వేసుకున్న ఏర్పాటు ఇది. పరుగు నాలుగు రోజుల నుంచి మూడు రోజులకు తగ్గింది. మొదటిసారి హాఫ్ మారథాన్ పూర్తి చేయాలనుకునేవారికి మూడు రోజులు చాలు. మంగళవారం, గురువారం బడి విడిచాక అదే మైదానంలో నలభై నిమిషాలు. పిల్లలిద్దరూ అక్కడే ఆడుకుంటారు. ఆయన చుట్లు తిరుగుతుంటాడు. దూరపు పరుగు ఆదివారం నుంచి శనివారానికి మారింది. శనివారం కుళాయి పని ఆమెది. మిగిలిన ఆరు రోజులూ ఆయనది. రాత్రి తొమ్మిదిన్నర దాకా పిల్లల పుస్తకాల దగ్గర ఉండాలి, శుక్రవారం ఒక్కరోజు తప్ప.

దూరపు పరుగు ఎనిమిది కిలోమీటర్లతో మొదలై, వారానికి ఒకటి రెండు చొప్పున పెరుగుతూ, ప్రతి నాలుగో వారం తగ్గి, చివరకు పద్దెనిమిది దాకా వెళ్ళాలి. పోటీకి ముందు రెండు వారాలు బాగా తగ్గించాలి. అందుకని ఆ రెండు వారాలూ ఇంటికి తిరిగి ఇచ్చెయ్యాలని ఆమె షరతు పెట్టింది. మంచి షరతు.

మాది గోదావరి కాలువ గట్టున ఉన్న ఊరు. హైవే మీద చీకట్లో పరుగెత్తవద్దని మాత్రం నేను గట్టిగా చెప్పాను. లారీలవాళ్ళకు మనిషి కనిపించడు. రోడ్డు మీద తప్పనప్పుడు కుడివైపున, ఎదురుగా వచ్చే బళ్ళు మనకు కనిపించేలా పరుగెత్తాలి, లేత రంగు చొక్కా వేసుకోవాలి. ఆయన కాలువ గట్టు ఎంచుకున్నాడు. సెప్టెంబరు వానలకు బురద, కుక్కల బెడద, అవి వేరే సంగతి.

ఈ ఏర్పాటులో ఎవరూ అనుకోనిది పాప వల్ల జరిగింది. శనివారం తెల్లవారాక ఆయన ఊరి దగ్గరికి తిరిగి వచ్చేసరికి పాప సైకిలు వేసుకుని, నీళ్ళ సీసా బుట్టలో పెట్టుకుని వంతెన దగ్గర సిద్ధంగా ఉండేది. ఆఖరి మూడు కిలోమీటర్లు ఆయన పక్కనే తొక్కేది. దూరపు పరుగు మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఉండాలన్నది తెలిసినవారు చెప్పే సూత్రం. మాట తెగుతున్నదంటే వేగం ఎక్కువైనట్టు. పాప ఆయనచేత పదమూడో ఎక్కం, పద్నాలుగో ఎక్కం అప్పచెప్పించేది. ఎక్కడైనా ఆగితే, “నాన్నా, స్పీడు తగ్గించు” అనేది. వారమంతా గుమ్మం దగ్గర పుస్తకంతో నిలబడిన పిల్లకు శనివారం ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు తండ్రి పూర్తిగా దొరికాడు. ఫోను లేదు, టీవీ లేదు.

అంతా సాఫీగా సాగలేదు. పదో వారంలో బాబుకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. పది రోజులు పరుగు లేదు. బాబు ఇంటికి వచ్చిన మూడో రోజే ఆయన పోయిన దూరమంతా ఒక్కసారి పూడ్చుకోవాలని పదిహేడు కిలోమీటర్లకు బయలుదేరాడు. తిరిగి వచ్చేటప్పుడు పిక్క పట్టేసి కుంటుకుంటూ వచ్చాడు. ఆ వారం ఆమె నాతో మాట్లాడిన తీరు నేనిక్కడ రాయను. పోయిన పరుగు పోయినట్టే. వారం, పది రోజులు మానినవారు కొంత వెనక్కి వెళ్ళి మళ్ళీ మెల్లగా ఎక్కాలి. బాకీ తీర్చినట్టు పరుగెత్తితే కాళ్ళు ఊరుకోవు. ఆసుపత్రి నుంచి వచ్చిన బిడ్డ ఉన్న ఇల్లు అసలే ఊరుకోదు.

ఇక ఆదివారం మాట. ఈ పోటీలు ఆదివారం పొద్దుటే జరుగుతాయి. సంఘంలో ఇది తెలిసినప్పుడు ఒక పెద్దాయన నన్ను ఆపి, “ఎరిక్ లిడ్డెల్ ఆదివారం పరుగెత్తలేదు కదా అయ్యగారూ?” అని అడిగారు. నిజమే. 1924 పారిస్ ఒలింపిక్ పోటీల్లో వంద మీటర్ల ప్రాథమిక పందెం ఆదివారం పడిందని ఆయన అందులో పాల్గొనలేదు. తరువాత నాలుగు వందల మీటర్లు 47.6 సెకండ్లలో పరుగెత్తి బంగారు పతకం గెలిచారు. మన బోధకులందరం ఈ కథ చెబుతాం, ఇక్కడితో ఆపేస్తాం.

మిగిలిన కథ నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఆయన 1925లో మిషనరీగా చైనా వెళ్ళారు. యుద్ధం ముదురుతుండగా 1941లో గర్భవతిగా ఉన్న భార్యను, ఇద్దరు ఆడపిల్లలను కెనడా పంపించి తాను ఉండిపోయారు. మూడో పాప అక్కడ పుట్టింది. ఆ బిడ్డను ఆయన చూడనేలేదు. 1943లో జపానువారు ఆయనను వైసిన్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. 1945 ఫిబ్రవరిలో మెదడులో కణితితో అక్కడే చనిపోయారు. తల్లిదండ్రులకు దూరమై ఆ శిబిరంలో ఉన్న పిల్లలకు ఆయన ఆటలు నేర్పించారు, వాళ్ళకు ‘అంకుల్ ఎరిక్’ అయ్యారు. మొదట ఆదివారం ఆటలకు ఒప్పుకోలేదు. పెద్దవాళ్ళెవరూ లేకుండా ఆడి పిల్లలు కొట్టుకునేసరికి, మరుసటి ఆదివారం తానే వెళ్ళి రిఫరీగా నిలబడ్డారు. ఎవరి పిల్లలకో అంత సమయం ఇచ్చిన తండ్రిని తన పిల్లలు చూడలేకపోయారు. అది యుద్ధం చేసిన పని. మరి నాకు ఏ యుద్ధం అడ్డం వచ్చింది? మా అబ్బాయి చిన్నప్పుడు వాళ్ళమ్మను అడిగాడట, “నాన్నగారికి మనం కూడా సంఘమేనా?” అని. సువార్త కూటాలనీ, గృహ దర్శనాలనీ నేను తిరిగిన రాత్రులు ఎవరూ కేలెండరు వెనక లెక్క వేయలేదు. ఆ ఉపాధ్యాయుడికి బుద్ధి చెప్పడానికి వెళ్ళినవాణ్ణి ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

విశాఖ వెళ్ళమని గాని, వద్దని గాని నేను ఆయనకు చెప్పలేదు. అడిగితే మాత్రం నా అభిప్రాయం చెప్పాను. ఏడాదికి ఒక ఆదివారం, ముందుగా చెప్పి, తన తరగతికి మరొకరిని పెట్టి, కుటుంబంతో కలిసి వెళ్ళడం నన్నంత కలవరపెట్టలేదు. అంతకుముందు ఆయన ఎన్నో ఆదివారాలు ఆరాధనలో కూర్చుని కునుకు తీశాడు. అదే నన్ను కలవరపెట్టింది. ఆ పెద్దాయన ఒప్పుకోలేదు. ఆయనకు ఆ హక్కు ఉన్నది.

తల్లులు పరుగెత్తితే? ఈ ప్రశ్న మా ఇంటావిడ వేసింది. ఇంగ్లండుకు చెందిన పౌలా రాడ్‌క్లిఫ్ 2007 జనవరిలో పాపను కని, అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచింది. కెన్యా తల్లి హెలెన్ ఒబిరి శిక్షణ కోసం 2022లో అమెరికా వెళ్ళి, భర్త, కూతురు వచ్చి చేరేదాకా కొన్ని నెలలు వాళ్ళకు దూరంగా ఉన్నది. 2023లోనూ 2024లోనూ బోస్టన్ మారథాన్ గెలిచింది. వాళ్ళకు అది జీవనోపాధి. మన ఊళ్ళో ఆడవాళ్ళకు ముందు తీరిక కావాలి, తీరిక కన్నా ముందు ఒంట్లో రక్తం కావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఈ సహోదరికి కూడా పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. పన్నెండు ఉండాలి. ఇన్నాళ్ళు ఆమె అలసటంతా పని వల్లనే అనుకున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇనుము మాత్రలు ఇచ్చారు. పరుగెత్తే మనిషి గుండెను డాక్టరుకు చూపించుకున్నాడు. ఆయన వెనక నీళ్ళు మోసే మనిషిని ఎవరూ చూపించలేదు.

2024 డిసెంబరులో నలుగురూ విశాఖ వెళ్ళారు. ముందు రోజు పిల్లలు సముద్రం చూశారు. ఆయన రెండు గంటల నలభై ఒక్క నిమిషాలకు గమ్యం చేరాడు. అప్పటికి బాబు తల్లి భుజం మీద నిద్రపోయాడు. పాప పరుగెత్తుకొచ్చి, “ముందు వచ్చినవాళ్ళు టిఫిన్ కూడా తినేశారు నాన్నా” అన్నదట. సాయంత్రం ఆరాధనకు అక్కడే ఒక సంఘానికి వెళ్ళి వచ్చారు.

పతకం ఇప్పుడు వాళ్ళ వంటింట్లో, చింపిన కేలెండరు తగిలించిన మేకుకే వేలాడుతున్నది. సంక్రాంతి దాటాక ఆమె కూడా మొదలుపెట్టింది. పరుగు కాదు, నడక. మా ఇంటావిడా, మరో ఇద్దరు స్త్రీలూ తోడు. సోమ, బుధ, శుక్రవారాలు ఐదుంబావుకు కాలువ గట్టు మీద బయలుదేరతారు. ఆ సమయానికి ఆయన కుళాయి దగ్గర బిందెలతో ఉంటాడు, క్యారేజీలు కూడా ఆయనే కడతాడు. మొన్న కూటం తరువాత ఎలా ఉన్నదమ్మా అని అడిగితే, “బాగానే ఉందండి అయ్యగారూ, కాని ఆయన పట్టిన రోజు డ్రమ్ము సగమే నిండుతోంది” అన్నది.