విశ్వవిద్యాలయమూ, దాతలూ

విశ్వవిద్యాలయానికి విరాళం కావాలంటే కలిగినవారి గుమ్మం ముందు చేయి చాపడమే మార్గమని చాలామంది భావిస్తారు. ఆ విధంగా ఒకసారి సొమ్ము రావచ్చు. రెండవసారి రావాలంటే దాతకూ సంస్థకూ నడుమ నమ్మకం ఏర్పడాలి.

మునేటి ఒడ్డునున్న మన కీసరకు బెజవాడ ఎంతో దూరం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఆ బెజవాడలోనే ప్రారంభమై, 1930లో వాల్తేరుకు తరలింది. జయపురం మహారాజా విక్రమదేవవర్మగారు దానికి ఏటా లక్ష రూపాయల విరాళం ఏర్పాటు చేశారు. ఈ 'ఏటా' అన్న మాటను పాఠకులు గమనించాలి. ఒక్కసారి ఇచ్చిన సొమ్ముతో భవనం లేస్తుంది. ఏటేటా అందే సొమ్ముతోనే అధ్యాపకుల జీతాలూ, ప్రయోగశాల ఖర్చులూ సాగుతాయి. మహారాజావారు స్వయంగా పండితులు కనుక విద్యే వారికి బంధమయింది. విజ్ఞాన కళాశాలకు వారి పేరు పెట్టి విశ్వవిద్యాలయం కృతజ్ఞత చాటుకున్నది.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో అలీగఢ్‌లో నెలకొల్పిన విద్యాలయం 1920లో విశ్వవిద్యాలయమయింది. ఆయన ముస్లిములనూ అడిగారు, హిందువులనూ అడిగారు. దాతల పేర్లు రాతిపలకలపై చెక్కించి గోడలలో అమర్చారు.

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో దీనికి మూలసూత్రం వక్ఫ్. అరబీలో ఆ మాటకు 'నిలిపివేయడం' అని అర్థం. ఆస్తిని అమ్మకుండా నిలిపి, దాని ఫలాన్ని దాత కోరిన ప్రయోజనానికి వినియోగించాలి. ముతవల్లీ ఆ ఆస్తికి యజమాని కాడు, కాపలాదారు. విద్యార్థివేతనాలకని ఇచ్చిన సొమ్ము అతిథిగృహానికి ఖర్చయితే ఆ దాతతోపాటు ఆ సంగతి విన్న పదిమందీ దూరమవుతారు.

కనుక సంస్థ చేయవలసిన పనులు స్పష్టం. అడిగే ముందు దాత మనసు ఏ విద్యపై ఉన్నదో తెలుసుకోవాలి. రసీదుతో సరిపెట్టక, ఏడాది చివర లెక్క పంపాలి. ఆ సొమ్ముతో ఎందరు చదివారో తెలపాలి. ఏమీ అడగని రోజున కూడా పలకరించాలి. సీటూ, పట్టమూ విరాళానికి బదులుగా ఇవ్వరాదు. ఇచ్చిన నాడు అది దానం కాదు, బేరం.

చిన్న దాతను చిన్నచూపు చూడరాదు. పత్తి అమ్మిన డబ్బులో నూరు రూపాయలు తీసి ఇచ్చిన రైతుకూ అదే లెక్క, అదే గౌరవం దక్కాలి. దెప్పిపొడుపులతో దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని దివ్య ఖుర్ఆన్ ఇచ్చేవారిని హెచ్చరించింది. లెక్క చెప్పని నిర్లక్ష్యంతో దానిని వ్యర్థం చేయకపోవడం పుచ్చుకునేవారి ధర్మం.