వీడుకోలు తెలిసిన లయవేత్త

సంగీత సభలో శ్రోతల చూపు మొదట గాయకుని మీద నిలుస్తుంది. పిదప వయొలిన్ మీదికి పోతుంది. మృదంగం వాయించేవాని వంక అందరూ ఒక్కసారిగా తిరిగేది తని ఆవర్తనం ఆరంభమైనప్పుడే. శ్రుతిని తల్లి అనీ, లయను తండ్రి అనీ చెప్పుకొనే మన దేశంలోనే ఆ తండ్రికి పక్కవాద్యమనే పేరు స్థిరపడింది. పాశ్చాత్యుల రాక్ సంగీతంలో పరిస్థితి ఇంతకంటె భిన్నమేమీ కాదు. అక్కడ డ్రమ్ములు వాయించేవాడు వేదిక మీద అందరికంటె వెనుక కూర్చుంటాడు. అతని చప్పుడు అందరికంటె ముందు చెవిని సోకుతుంది గాని, అతని పేరు అందరికంటె చివర జ్ఞాపకం వస్తుంది.

అలా వెనుక కూర్చున్నవారిలో ఒకడు, తన స్థానాన్ని గూర్చి జీవితమంతా ఆలోచించినవాడు, ఇంగ్లండుకు చెందిన బిల్ బ్రూఫర్డ్. నాలుగు దశాబ్దాలలో ఆయన యెస్, కింగ్ క్రిమ్సన్, జెనెసిస్, యు.కె., ఎర్త్‌వర్క్స్ మొదలైన బృందాలలో వాయించాడు. ఇందులో వింత లేదు. బృందాలు మారిన వాద్యకారులు ఎందరో ఉన్నారు. ఆయన విడిచిన తీరే వింత. ఓడిపోతున్న బృందాన్ని విడవడం లోకసహజం. గెలుస్తున్న బృందాన్ని, గెలుపు ఫలం చేతికి వచ్చే వేళకే విడవడం అరుదు. దానిని చపలత్వమనాలా, సాధన అనాలా అన్నది ఆయన జీవితం చదివేవారికి ఎదురయ్యే ప్రశ్న.

బ్రూఫర్డ్ 1949 మే 17న కెంట్ మండలంలోని సెవెనోక్స్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి పశువైద్యుడు. ఇంట సంగీతం వృత్తి కాదు. బాలుడు బి.బి.సి. టెలివిజన్‌లో అమెరికా జాజ్ విద్వాంసులను చూసి ముగ్ధుడయ్యాడు. మాక్స్ రోచ్, ఆర్ట్ బ్లేకీ, జో మొరెల్లో ఆయనకు పరోక్ష గురువులు. ద్రోణాచార్యుని ప్రతిమ ముందు ఏకలవ్యుడు విల్లు పట్టినట్లు, ఈ బాలుడు టెలివిజన్ ముందు పుల్లలు పట్టాడు. పుల్లలనడం కూడ సరి కాదు. అక్క పుట్టినరోజు కానుకగా ఇచ్చిన తీగల కుంచెలవి. వాటితో గ్రామఫోను రికార్డు అట్టను రాస్తే అచ్చంగా డ్రమ్ము నాదం వస్తుందని ఎవరో చెప్పగా, అట్టల మీదనే అభ్యాసం సాగించాడు. తరువాత లండనులోని రాయల్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందానికి చెందిన ఒక విద్వాంసుని వద్ద కొన్ని పాఠాలు నేర్చుకొన్నాడు.

1968లో సవాయ్ బ్రౌన్ అనే బృందంలో ప్రవేశం దొరికింది. మూడు కచేరీలతోనే ఆ కొలువు ముగిసింది. అటు తరువాత వచ్చిన పరిచయం గాయకుడు జాన్ ఆండర్సన్, బాసు గిటారు వాద్యకారుడు క్రిస్ స్క్వైర్‌లది. ఆ కలయికలోనుండి యెస్ అనే బృందం పుట్టింది. అది 1968 ఆగస్టులో తొలి కచేరీ చేసింది. ఆ శరత్కాలంలోనే బ్రూఫర్డ్ చదువు కోసం లీడ్స్ విశ్వవిద్యాలయంలో చేరాడు. కొన్ని వారాలకే బృందం వారు వచ్చి పిలిచారు. పుస్తకం మూసి డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. మూసిన ఆ పుస్తకాన్ని ఆయన దాదాపు నలభై యేళ్ళకు మళ్ళీ తెరవనున్నాడని అప్పుడెవరికి తెలుసు?

ఇక్కడ ఆయన వాద్యశైలిని గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. సామాన్యమైన రాక్ గీతం నాలుగు మాత్రల లెక్కలో నడుస్తుంది. రెండవ మాత్ర మీద, నాలుగవ మాత్ర మీద గట్టి దెబ్బ పడుతుంది. శ్రోత కాలు తనంతట తాను ఆడేది అందువల్లనే. బ్రూఫర్డ్‌కు ఈ బాట మరీ నున్నగా కనబడింది. జాజ్ వింటూ పెరిగిన చెవి గనుక దెబ్బను ఒక మాత్ర ముందుకో వెనుకకో జరిపి, వినేవారిని క్షణకాలం తికమక పెట్టి, మళ్ళీ సమానికి తెచ్చి కలిపేవాడు. ఐదు, ఏడు వంటి బేసి లెక్కలంటే ఆయనకు మక్కువ. మన విద్యార్థులు ఖండగతి, మిశ్రగతి అని నేర్చుకొనే లెక్కలకు ఇవి దూరపు చుట్టాలు. ‘తకిట తకధిమి’ అని చేతితో వేసి చూసిన వారికి ఏడు మాత్రల నడకలోని కుంటి సొగసు వేరుగా చెప్పనక్కరలేదు. పైగా, గిటారుల హోరులో తన దెబ్బ మునిగిపోకుండా, డ్రమ్ము అంచును, చర్మాన్ని ఒకేసారి తాకించి, గంట కొట్టినట్లు ఖణేలుమనే నాదం పుట్టించేవాడు. కళ్ళు మూసుకొని విన్నా ఇది బ్రూఫర్డ్ చేయి అని పోల్చుకోగలిగింది ఈ నాదం వల్లనే.

యెస్ బృందం 1969 నుండి 1972 వరకు ఆయనతో ఐదు రికార్డులు వెలువరించింది. 1971లో వచ్చిన ‘ఫ్రాజైల్’ వారికి అమెరికాలో పేరు తెచ్చింది. ఐదవదైన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’లో ఒక్క గీతమే పద్దెనిమిది నిమిషాలకు పైగా సాగుతుంది. దానిని ముక్కముక్కగా వాయించి, టేపులు అతికి, నెలల తరబడి శ్రమించి తయారు చేశారు. 1972 సెప్టెంబరులో రికార్డు విడుదలయ్యేనాటికి బ్రూఫర్డ్ బృందంలో లేడు. ఆ రికార్డు అమెరికా పట్టికలో మూడవ స్థానానికి, ఇంగ్లండులో నాలుగవ స్థానానికి ఎక్కింది. పంట కోతకు వచ్చిన వేళ రైతు కొడవలి కింద పెట్టి పొరుగూరికి నడిచినట్లయింది. ఆయన ఆసనంలో అలన్ వైట్ కూర్చున్నాడు. ఆ పంటను సమకూర్చడంలో తాను చేయగలిగినదంతా చేశానని, అదే మళ్ళీ చేయడం తప్ప ముందు మరేమీ లేదని బ్రూఫర్డ్‌కు తోచింది.

ఆయన నడిచి వెళ్ళిన పొరుగూరు కింగ్ క్రిమ్సన్. గిటారు విద్వాంసుడు రాబర్ట్ ఫ్రిప్ నాయకత్వంలోని ఈ బృందంలో ధనం తక్కువ, కష్టం ఎక్కువ, రేపు ఏమి వాయిస్తారో ఈనాడు తెలియదు. అక్కడ జేమీ మ్యూర్ అనే మరొక తాళవాద్యకారుడుండేవాడు. గొలుసులు, రేకులు, పిల్లల ఆటవస్తువులు అన్నీ ఆయనకు వాద్యాలే. సంగీతం మనకు సేవ చేయడానికి లేదు, మనమే దానికి సేవ చేయడానికి ఉన్నామన్న పాఠం మ్యూర్ వద్ద నేర్చుకొన్నానని బ్రూఫర్డ్ చెప్పుకొన్నాడు. ఆ మ్యూర్ 1973లో వాద్యాలు వదిలి స్కాట్లండులోని బౌద్ధ మఠంలో చేరిపోయాడు. గురువు వెళ్ళినా పాఠం మిగిలింది.

మిగిలిందనడానికి నిదర్శనం ఆ యేడే నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్ కచేరీలో కనబడింది. ఆనాడు వేదిక మీద ముందనుకోకుండా ఒక ఆశువైన సంగీతం మొదలయింది. వయొలిన్ సన్నగా పలికింది; బాసు మెల్లగా తోడయింది; ఫ్రిప్ మెలొట్రాన్ మీద వేళ్ళు కదిపాడు. బ్రూఫర్డ్ పుల్లలు రెండూ గుండె మీద అడ్డంగా పెట్టుకొని, ఇప్పుడు దెబ్బ వేద్దామా అప్పుడు వేద్దామా అని వింటూ కూర్చున్నాడు. ఎప్పుడూ వేయలేదు. చివరి వరకు ఒక్క దెబ్బ అయినా పడలేదు. 1974లో ఆ సంగీతాన్ని ‘ట్రయో’ అనే పేరుతో రికార్డులో చేర్చారు. పేరు ముగ్గురిదని చెబుతుంది. కర్తలుగా నలుగురి పేర్లూ ఉన్నాయి. ఏమీ వాయించని నాలుగవవానికి అతని నిగ్రహానికి గుర్తింపుగా సహకర్తృత్వం ఇచ్చారు. తరగతిలో ఎప్పుడు మాటలాడాలో ఎరిగిన ఉపాధ్యాయుడు మంచివాడే. ఎప్పుడు ఊరకుండాలో కూడ ఎరిగినవాడు మరింత మంచివాడు. డ్రమ్ముల విద్వాంసునికి మౌనం కష్టతమమైన తాళమన్న సంగతి ఆ రాత్రి తేటపడింది.

అదే యేట ఫ్రిప్ బృందాన్ని రద్దు చేశాడు. పదమూడు మాత్రల నడక గల ‘స్టార్‌లెస్’ను కడపటి గీతంగా పెట్టుకొన్న ‘రెడ్’ రికార్డు ఆ యుగానికి భరతవాక్యం. ఈసారి విడిచింది బ్రూఫర్డ్ కాదు; ఆయననే వదిలివేశారు. ఎన్నడూ తానే తలుపు మూసి వెళ్ళినవానికి తలుపు మూయబడితే ఎలా ఉంటుందో తెలిసింది. తరువాతి రెండు మూడేళ్ళు ఒకరి వద్ద కొన్నాళ్ళు, మరొకరి వద్ద కొన్నాళ్ళు గడిచాయి. 1976లో జెనెసిస్ బృందపు డ్రమ్మరు ఫిల్ కాలిన్స్ గాయకుడై ముందుకు రావడంతో, ఆ యేటి పర్యటనలో వెనుక ఆసనం బ్రూఫర్డ్‌కు దక్కింది. మరొకరు కూర్చిన లయలను ఒప్పజెప్పే పని అది, పర్యటనతోనే ముగిసింది. 1978లో యు.కె. బృందంతో ఒక రికార్డు, ఆ కాలంలోనే తన పేరనే నెలకొల్పిన బృందంతో మూడు రికార్డులు చేశాడు. పక్కవాద్యకారుడు తొలిసారిగా స్వయంగా సంగీతం కూర్చి, బృందాన్ని నడిపి, ఖర్చులు లెక్క చూసుకొన్నది అప్పుడే.

1981లో ఫ్రిప్ మళ్ళీ కబురు చేశాడు. కింగ్ క్రిమ్సన్ పునర్జన్మించింది. ఈసారి నాయకుని షరతు విచిత్రమైనది: డ్రమ్ములతో జతగా మోగే కంచు పళ్ళేలను వీలైనంత మానాలి. వంటవానితో తిరగమోత లేకుండా వండమన్నట్లున్నది. కాని బ్రూఫర్డ్ అలిగి కూర్చోక, కొత్తగా వచ్చిన విద్యుత్ డ్రమ్ములను చేపట్టాడు. ఆరు పలకల ఆ పరికరాల నుండి స్వరాలు పుట్టించవచ్చునని కనుగొన్నాడు. 1986లో ఎర్త్‌వర్క్స్ అనే జాజ్ బృందాన్ని స్థాపించి, తనకంటె పదేళ్ళకు పైగా చిన్నవారైన జాంగో బేట్స్, ఇయాన్ బల్లమీలను చేర్చుకొని, వారి వెనుక స్వరసముదాయాలను కూడ డ్రమ్ములతోనే పలికించాడు. దశాబ్దం గడిచాక ఆ యంత్రాలనూ విడిచి, చర్మం కట్టిన పాత డ్రమ్ములకే మరలిపోయాడు. చిన్ననాట టెలివిజన్‌లో చూసిన జాజ్ లోకానికి ఆయన చేరుకొన్న దారి ఇంత చుట్టుదారి.

రాక్ వేదికలలో వేలాది జనం, జాజ్ శాలలలో వందల జనం. ఈ వ్యత్యాసానికి ఎంత వెల చెల్లించవలసివుంటుందో ఊహించుకోవచ్చును. 1989లోను, 1991లోను పాత యెస్ మిత్రులతో కలిసి వాయించాడు. 1994 నుండి మూడేళ్ళు కింగ్ క్రిమ్సన్‌లో మరొక డ్రమ్మరుతో ఆసనం పంచుకొన్నాడు. ఎక్కడికి తిరిగి వెళ్ళినా మజిలీగానే వెళ్ళాడు.

2009 ఆరంభంలో బ్రూఫర్డ్ బహిరంగ వాదనం నుండి విరమించుకొన్నాడు. అదే యేట ఆత్మకథ ప్రకటించాడు. వయస్సు అరవై. సామాన్యునికి అది విశ్రాంతికాలం. ఆయన మాత్రం సర్రీ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా చేరాడు. పరిశోధనాంశం ఏమిటి? డ్రమ్ములు వాయించేవాని పనిలో సృజన ఎక్కడ ఉన్నది అన్నదే. పాట రచయితది, రాగం గాయకునిది అయినప్పుడు దెబ్బ కొట్టేవానిదంటూ ఏమున్నది? నలభై యేళ్ళు చేతులతో అడిగిన ప్రశ్నను ఇప్పుడు కలంతో అడిగాడు. అనుభవజ్ఞులైన తోటి డ్రమ్మర్లతో మాటలాడి, వారి మాటలను శాస్త్రదృష్టితో పరిశీలించాడు. 2016లో డాక్టరేటు వచ్చింది. 2018లో ఆ పరిశోధన గ్రంథరూపం దాల్చింది. లీడ్స్‌లో మూసిన పుస్తకం అలా మళ్ళీ తెరుచుకొన్నది.

2017లో యెస్ బృందాన్ని అమెరికాలో రాక్ కీర్తిమందిరంలో చేర్చుకొన్ననాడు ఆయన సభకు వెళ్ళాడు, వేదిక ఎక్కాడు, వాయించలేదు. ఇక పుల్లలు పట్టడనే అందరూ అనుకొన్నారు. కాని విడవడం తెలిసినవాడు విరమణనూ విడిచాడు. డెబ్బై దాటిన వయస్సులో సాధన మళ్ళీ మొదలుపెట్టి, గిటారు వాద్యకారుడు పీట్ రాత్ నడిపే ముగ్గురి బృందంలో చిన్న చిన్న శాలలలో జాజ్ వాయించసాగాడు. బృందం పేరు తనది కాదు. నాయకత్వమూ తనది కాదు. డాక్టరు బ్రూఫర్డ్ మళ్ళీ పక్కవాద్యకారుడే అయ్యాడు.

ఆయన యెస్‌లోనే ఉండిపోతే సంపన్నుడయ్యేవాడని అనేవారున్నారు. అది నిజమే కావచ్చును. కాని అలా ఉండిపోతే, ఆమ్‌స్టర్‌డామ్‌లో పుల్లలు గుండెకు ఆనించుకొని కూర్చున్న ఆ యువకుడు ఉండేవాడు కాదు. ఆ రాత్రి దెబ్బ వేయకపోవడానికి ఎంత వినవలసి వచ్చిందో, ఒక్కొక్క బృందం నుండి లేచి రావడానికి కూడ అంతే వినవలసి వచ్చింది. అలా వినడమే ఆయన సాధన.