మెరుగు యంత్రం కొనేముందు: హెచ్.పి. కంటే వేగం ముఖ్యం

జనగామ జిల్లా పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకుపై ఉలితోను, చిన్న సుత్తితోను నగిషీ తీరుస్తారు. పనిలో చివరి ఘట్టం మెరుగు పెట్టడం. రోజుల తరబడి తీర్చిన సన్నని గీతలు ఈ ఘట్టంలో ఒక్క నిమిషంలో అరిగిపోగలవు. కావున బల్లపై బిగించే బఫింగు యంత్రానికి రుణం కోరేవారు దాని ఎంపిక విషయమై కొంత తెలుసుకొనుట అవసరం.

కొటేషను చేతికి రాగానే అందరి దృష్టి హెచ్.పి. మీద పడుతుంది. చిన్న వస్తువులకు అర హెచ్.పి. చాలును. అసలు చూడవలసినది చక్రపు అంచు వేగం. చక్రపు వ్యాసాన్ని 3.14తోను, నిమిషానికి తిరిగే చుట్లతోను గుణిస్తే ఈ వేగం వస్తుంది. మన 50 సైకిళ్ల విద్యుత్తుపై మోటార్లు సాధారణంగా 2,800 లేక 1,400 చుట్లు తిరుగుతాయి. (అమెరికా పుస్తకాలలోని 3,450, 1,725 అంకెలు అక్కడి 60 సైకిళ్లకు చెందినవి, వాటిని చూసి తికమక పడనక్కరలేదు.) 8 అంగుళాల చక్రం 2,800 చుట్ల వద్ద నిమిషానికి సుమారు 5,860 అడుగుల వేగం అందుకుంటుంది. 6 అంగుళాలదైతే 4,400 అడుగులు. 1,400 చుట్ల మోటారుపై 8 అంగుళాల చక్రపు వేగం 2,930 అడుగులే. ఇత్తడి గీతలు తొలగించుటకు అధిక వేగం మేలు. కొయ్య, లక్క, ప్లాస్టిక్ వస్తువులు ఆ వేడికి కమిలిపోతాయి. వాటికి 1,400 చుట్లే తగినవి. రెండు రకాల పనీ చేసేవారు రెండు వేగాల యంత్రం తీసుకొనుట ఉత్తమం.

పాత సానయంత్రానికే గుడ్డచక్రం తగిలిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. సానయంత్రపు ఇరుసు పొట్టిది. చెంబో, పళ్లెమో త్రిప్పబోతే మోటారు తొడుగుకు తగులుతుంది. పైగా అదే యంత్రంపై ఉక్కు సానబడితే నిప్పురవ్వలు గుడ్డ నూగుపై పడి అంటుకొనే ప్రమాదం గలదు. బఫింగు యంత్రానికి ఇరుసు ఇరువైపులా పొడవుగా ఉండాలి. పెంబర్తి వంటి గ్రామాలలోనే గాక, ఢిల్లీ మునిర్కా వంటి పట్టణ గ్రామాల అద్దె గదులలో పని పెట్టుకొనేవారికి సైతం సింగిల్ ఫేజ్ మోటారే అనుకూలం.

మొదటి కోతకు గట్టిగా కుట్టిన నూలు చక్రం, ట్రిపోలి కడ్డీ. చివరి మెరుపుకు వదులు నూలు చక్రం, రూజ్ కడ్డీ వాడాలి. నగిషీపై గట్టి చక్రాన్ని తాకించరాదు. ఒక కడ్డీ పూసిన చక్రానికి మరొకటి పూస్తే రెండూ చెడతాయి.

చక్రం పైఅంచు మనవైపునకు దిగుతుంది. అందుచేత వస్తువును నడిమట్టానికి దిగువనే ఆనించాలి. పదునైన అంచును చక్రానికి ఎదురుగా పెడితే వస్తువు చేజారి విసురుగా ఎగురుతుంది. గొలుసులను చేత వ్రేలాడదీసి పట్టరాదు; చక్రం వాటితోపాటు వ్రేళ్లనూ లాగుకొనగలదు. చేతితొడుగులు, కండువా, గాజులు ఇందుకు పనికిరావు. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం క్రింద తొలి విడతగా లక్ష రూపాయల వరకు 5 శాతం వడ్డీపై రుణం లభిస్తుంది. అందలి 18 వృత్తులలో వడ్రంగి, కంసాలి, బొమ్మల తయారీ కలవు. ఏ పథకంలోనైనా సరే చక్రాలు, కడ్డీలు, కళ్లద్దాలు, నూగు పట్టే పెట్టె ఖర్చులను కొటేషనులోనే విడివిడిగా చూపించండి. యంత్రం ధర ఒక్కటే చూపి రుణం పొందినవారు చక్రాల కోసం మరల చేబదుళ్లకు పోవలసివస్తుంది.